బొమ్మకూ ఒక గోడ కావాలి



మన సభల్లో పాటకూ, నాట్యానికీ, పద్యానికీ వేదిక ఉంది. బొమ్మకు మాత్రం వేదిక చాలదు, గోడ కావాలి. ఆ గోడ ఇచ్చేది ఆర్టు గ్యాలరీ.

1994లో న్యూయార్కులో బోస్ పాసియా గ్యాలరీ మొదలైంది. భారత ఉపఖండపు సమకాలీన కళ కోసమే పాశ్చాత్య దేశాల్లో వెలసిన తొలి గ్యాలరీగా దానికి పేరు. స్థాపకుల్లో ఒకరైన అరణి బోస్ వైద్యులు. మన సభికుల్లో డాక్టర్లు ఎంతమంది ఉన్నారో వేరే చెప్పాలా! సుందరం ఠాగూర్ 2000లో న్యూయార్కులో గ్యాలరీ తెరిచి, 2008లో హాంగ్‌కాంగ్‌కూ, 2012లో సింగపూరుకూ విస్తరించారు. తల్వార్ గ్యాలరీ 2001లో న్యూయార్కులో మొదలై, 2007లో ఢిల్లీ చేరింది. పరాయి ఊళ్ళో నిలదొక్కుకుని స్వదేశానికి వెళ్ళిందన్నమాట!

ఇది ఊరికే జరగదు. మామూలుగా బొమ్మ అమ్ముడైతే ధరలో సగం వరకూ గ్యాలరీది, మిగిలింది చిత్రకారుడిది. అద్దె, బీమా, రవాణా అన్నీ ఆ సగంలోంచే రావాలి. అంటే కొనేవాళ్ళున్న ఊళ్ళోనే గ్యాలరీ నిలుస్తుంది. బొమ్మలు గీసేవాళ్ళు ఉంటే చాలదు.

మరి మనవాళ్ళ మాటేమిటి? చిత్తూరు జిల్లాలో 1925లో పుట్టిన కృష్ణారెడ్డిగారు శాంతినికేతన్, లండన్, పారిస్‌ల మీదుగా న్యూయార్కు చేరి, 2018లో అక్కడే కన్నుమూశారు. చిక్కటి రంగూ పలుచటి రంగూ ఒకదానితో ఒకటి కలవవన్న చిన్న సూత్రంతో, ఒకే రేకు మీద అనేక రంగులు అద్దే పద్ధతిని పారిస్‌లో తోటివారితో కలిసి రూపొందించిన ప్రపంచ ప్రసిద్ధ కళాకారుడాయన. 2016లో మెట్రోపాలిటన్ మ్యూజియం ఆయన పనిని ప్రదర్శించింది. ఆ మహనీయుడు దశాబ్దాల పాటు మన మధ్యనే ఉన్నారని మనలో ఎందరికి తెలుసు?

గుళ్ళు కట్టుకున్నాం, బడులు పెట్టుకున్నాం. ఇప్పుడు కోరేది చాలా చిన్నది. గ్యాలరీలోకి వెళ్ళడానికి సాధారణంగా టిక్కెట్టు ఉండదు, కొనమని ఎవరూ బలవంతపెట్టరు. పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళండి. కొత్త ఇంటి గోడకు దుకాణంలో దొరికే అచ్చు బొమ్మకు బదులు, బతికున్న ఒక తెలుగు చిత్రకారుడి బొమ్మ కొనండి. మన సంఘాలు కూడా ప్రతి సభలో ఒక గదిని బొమ్మలకు కేటాయించాలి. కొనే చెయ్యి ఉన్న ఊరికి గ్యాలరీ దానంతటదే నడిచి వస్తుంది.