కోచింగా, సొంత చదువా?

(సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

మన పిల్లల్లో చాలామంది ఇప్పుడు బీటెక్ చివరి సంవత్సరంలో ఉన్నారు. ఎంటెక్ కోసం గేట్ రాయాలంటే కోచింగ్‌లో చేర్పించాలా, ఇంట్లో చదివితే చాలా అని అడుగుతున్నారు. నేను చేసిన పొరపాటు ఎవరికైనా ఉపయోగపడుతుందని ఈ నాలుగు మాటలు.

మా అబ్బాయి అడక్కముందే పీఎఫ్ లోన్ తీసి ఫీజు కట్టేశాను. నా బాధ్యత తీరిందనుకున్నాను. రోజూ క్లాసుకు వెళ్లొచ్చేవాడు. తీరా చూస్తే మంచి ర్యాంకు రాలేదు. ఆ రాత్రి చెప్పాడు: "నాన్నా, రెండో నెల నుంచే పాఠాలు అందలేదు. మీరు అంత డబ్బు కట్టారని చెప్పలేకపోయాను." ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు.

రెండోసారి ఇంట్లోనే చదివాడు. గేట్‌లో 65 ప్రశ్నలు, 100 మార్కులు, 3 గంటలు. పాత ప్రశ్నపత్రాలు ఉచితంగా దొరుకుతాయి. ఐఐటీ అధ్యాపకులు చెప్పే ఎన్‌పీటెల్ పాఠాలూ ఉచితంగా వినవచ్చు. ప్రతి ఆదివారం గడియారం ముందు పెట్టుకుని ఒక పాత పేపరు రాసేవాడు. పరీక్షకు సొంత కాలిక్యులేటర్ తీసుకెళ్లనివ్వరు కాబట్టి తెర మీది కాలిక్యులేటర్‌తోనే సాధన చేశాడు.

తప్పులకు ఒక రిజిస్టరు పెట్టించాను. క్యాష్ టాలీ కానిదే మనం ఇంటికి వెళ్లం కదా! అలాగే ప్రతి తప్పుకూ కారణం రాశాకే పేపరు పక్కన పెట్టాలి. తెలియకనా, లెక్క తప్పా, ఊహించి పెట్టాడా? రెండు మార్కుల మల్టిపుల్ ఛాయిస్ ప్రశ్న తప్పితే వచ్చిన వాటిలోంచి మూడింట రెండు వంతుల మార్కు పోతుంది. అలా ఊహించి పోగొట్టుకున్నవే ఎక్కువని రిజిస్టరు చూశాక గానీ వాడికి తెలియలేదు.

కోచింగ్ దండగ అని నేననను. సిగ్నల్స్ సబ్జెక్టు వాడికి ఎంతకీ ఎక్కకపోతే, పాత లెక్చరర్ గారి దగ్గరకు నెల రోజులు పంపాం. ఒంటరిగా కూర్చుని చదవలేని పిల్లలకు, ఒకరు టైంటేబుల్ పెడితే తప్ప సాగని వాళ్లకు క్లాసే మేలు.

అందుకే ఫీజు కట్టే ముందు ఇంట్లో ఒక పాత పేపరు రాయించండి. ఏం వచ్చో, ఏం రాదో ఇద్దరూ కలిసి చూడండి. ఒకవేళ కడితే, డబ్బు మాట ఎత్తకుండా నెలకోసారి "ఏది అర్థం కావడం లేదురా?" అని అడగండి. ఆ ఒక్క మాట నేను మొదటి ఏడాదే అడిగి ఉంటే, మావాడికి సీటు రావడానికి రెండేళ్లు పట్టేది కాదేమో.