సెల్లార్‌లో ఊటెత్తితే: సిరోంచ ఒడ్డున సంపు పంపు పని

నా వెనక పారుతున్నది ప్రాణహిత. అవతలి గట్టు తెలంగాణ, ఇవతలి గట్టు మన సిరోంచ. వార్ధా, వైనగంగ కలిసి ప్రాణహితై, ఇంకొంచెం దిగువన కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఇలాంటి చోట వానాకాలంలో నేల లోపల కూడా నీళ్లు నిండుతాయి. ఏరు పైకొస్తే గట్టున ఉన్న నేలలో నీటిమట్టం కూడా పైకొస్తుంది. బావి ఉన్నవాళ్లకు ఈ మాట కొత్తగా చెప్పక్కర్లేదు.

మన దగ్గర సెల్లార్ ఉన్న ఇళ్లు తక్కువే. కానీ కింద గోదాము, పైన దుకాణం కట్టుకున్నవాళ్లున్నారు. అలాంటి ఒక మామ పోయిన వానాకాలం ఫోన్ చేశాడు. "బిడ్డా, సెల్లార్ల ఊటెత్తింది. యూరియా బస్తాలు తడుస్తున్నయ్. ఎన్ని హెచ్‌పీ మోటర్ పెట్టాలె?"

"మామా, హెచ్‌పీ సంగతి తర్వాత. ముందుగాల నీళ్లు ఎటునుంచి వస్తున్నయో చూద్దాం" అన్నాను. ఈ వీడియో అంతా ఆ ఒక్క మాట గురించే.

[దృశ్యం: సెల్లార్ నేల, గోడ కలిసే మూల. తడి గీత.]

సంపు అంటే మనకు మంచినీళ్లు నిలవజేసుకునే తొట్టి. ఇక్కడ అర్థం వేరు. ఏటికి అవతల సింగరేణి బావుల్లో పనిచేసినవాళ్లను అడగండి. గనిలో అన్నిటికన్నా పల్లంలో ఒక గుంట ఉంటుంది, ఊట నీళ్లన్నీ అక్కడికి చేరతాయి, అక్కడినుంచి పంపు పైకి తోడేస్తుంది. దాన్నీ సంపు అనే అంటారు. ఇంటి సెల్లార్‌లో మనం చేసేది కూడా అదే, కాకపోతే చిన్న ఎత్తున.

ఊటను ఎందుకు తోడాలి? నేలకు సిమెంటు గట్టిగా పట్టించి, వాటర్‌ప్రూఫ్ రంగు పూస్తే చాలదా? ఒక లెక్క చూడండి. సెల్లార్ నేలకన్నా బయటి నీటిమట్టం ఒక మీటరు ఎత్తులో ఉంటే, ఆ నేల మీద ప్రతి చదరపు మీటరుకూ కిందినుంచి 1000 కిలోల తోపు ఉంటుంది. నాలుగు అంగుళాల కాంక్రీటు బరువు చదరపు మీటరుకు 240 కిలోలే. పదడుగులకు పదడుగుల గది అయితే కిందినుంచి తొమ్మిది టన్నులకు పైగా ఎత్తుతోందన్నమాట. రంగు ఏం ఆపుతుంది? ఆ నీళ్లకు పోయే దారి ఇవ్వాలి, అప్పుడే ఒత్తిడి దిగుతుంది. సంపు అసలు పని ఇదే. నేల ఆరడం దాని వెంట వచ్చేది.

మామ సెల్లార్‌లో తడి గీత మొత్తం గోడ, నేల కలిసే చోటే ఉంది. అంటే ఊట. మెట్ల మీద బురద చారలుంటే వాననీళ్లు పైనుంచి దిగినట్టు, దానికి గడప ఎత్తు చేయాలి, పంపు కాదు. గోడ మధ్యలో ఒకేచోట మచ్చ ఉంటే పైపు కారుతుందేమో చూసుకోవాలి.

ఊట అని తేలాక మేస్త్రీ వచ్చాడు. సెల్లార్‌లో అన్నిటికన్నా పల్లంలో, పిల్లర్‌కు దూరంగా గుంట తవ్వాం. పిల్లర్ పునాది పక్కన తవ్వితే కింద మట్టి జారుతుంది. ఈ ఒక్క నిర్ణయానికైనా ఇంజనీరును అడగండి. గుండ్రటి గుంట, రెండడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల లోతు. గోడ అంచు వెంట నేల చీల్చి, బెజ్జాల పైపు వేసి, గుంట వైపు వాలు పెట్టి, చుట్టూ కంకర నింపాం. మనది నల్లరేగడి. కంకరకు జియోటెక్స్‌టైల్ గుడ్డ చుట్టకపోతే, సన్నటి మట్టి వచ్చి పైపు బెజ్జాలు పూడుస్తుంది. ఆ గుడ్డ ఖర్చు మిగుల్చుకోవద్దు.

ఇప్పుడు మామ అడిగిన హెచ్‌పీ. రెండడుగుల గుంటలో ఒక అంగుళం నీళ్లంటే ఏడు లీటర్ల చిల్లర. గుంట తోడేసి, గడియారం పెట్టుకుని కూర్చున్నాం. పది నిమిషాల్లో ఐదు అంగుళాలు పెరిగింది. అంటే నిమిషానికి మూడున్నర లీటర్లు. మామ దగ్గర పొలానికి వాడే పెద్ద మోటరు ఒకటి ఖాళీగా ఉంది, అదే పెడదామన్నాడు. వద్దన్నాను. అది గుంటను గుక్కలో తాగేసి ఆగిపోతుంది, మళ్లీ నిండగానే మొదలవుతుంది. అలా మాటిమాటికీ మొదలై ఆగే మోటరుకు వైండింగ్ కాలుతుంది. బురద నీటికి పనికొచ్చే అర హెచ్‌పీ సబ్‌మర్సిబుల్, నాలుగు మీటర్ల ఎత్తుకు నిమిషానికి వంద లీటర్లు తోడేది తీసుకున్నాం. కొనేటప్పుడు డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉండే అంకె చూడొద్దు. మీ ఎత్తు దగ్గర ఎంత తోడుతుందో ఆ పట్టిక చూపించమనండి.

ఫ్లోట్ స్విచ్ అడ్డులేకుండా ఆడాలి. అది గుంట గోడకు తగులుకుంటే పంపు ఉన్నా లేనట్టే. నీళ్లు ఎనిమిది అంగుళాలు పెరిగితే మొదలు, దిగితే ఆపు అని పెట్టాం. పదిహేను నిమిషాలకోసారి అర నిమిషం నడుస్తుంది. పైపులో నాన్ రిటర్న్ వాల్వ్ తప్పనిసరి, లేకపోతే నిలువు పైపులో నీళ్లన్నీ ప్రతిసారీ వెనక్కి పడతాయి. ఆ వాల్వుకు కింద, పంపుకు పైన, పైపుకు మూడు నాలుగు మిల్లీమీటర్ల చిన్న బెజ్జం పెట్టాలి. పంపులో గాలి చిక్కుకుంటే అది అందులోంచి పోతుంది. ఇది మరచిపోయి, మోటరు తిరుగుతున్నా నీళ్లు రావట్లేదని కొత్తది కొన్నవాళ్లను చూశాను.

తోడిన నీళ్లు ఎక్కడికి? గోడ పక్కన వదిలితే అవే నీళ్లు తిరిగి గుంటలోకి వస్తాయి. కనీసం పదడుగుల దూరం, ఏటవాలు అవతలికి ఉన్న చోట వదలాలి. సెప్టిక్ ట్యాంకులోకి మాత్రం కలపొద్దు.

వాన ముదిరిన రాత్రే కరెంటు పోతుంది. గంటకు మొత్తం రెండు నిమిషాలు నడిచే పంపుకు, ఇంట్లో ఉన్న 150 ఏహెచ్ బ్యాటరీ రాత్రంతా సరిపోతుంది. చిక్కు బ్యాటరీతో కాదు. మోటరు మొదలయ్యే క్షణంలో మామూలు కన్నా ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది, చిన్న ఇన్వర్టర్ అక్కడే ట్రిప్ అవుతుంది. కొనే ముందు ఆ పంపునే తగిలించి, మొదలవుతుందో లేదో చూడండి. కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ కూడా పెట్టించండి. తడి నేల మీద నిలబడే చోట అది ప్రాణం కాపాడుతుంది.

[దృశ్యం: గోదావరి. అవతలి గట్టున కన్నెపల్లి వైపు.]

ఇప్పుడు అటు చూడండి. కన్నెపల్లి పంపుహౌస్, కాళేశ్వరం ప్రాజెక్టులో మొదటిది. 17 పంపులు, ఒక్కోటి 40 మెగావాట్లు, అంటే 53 వేల హెచ్‌పీకి పైనే. 2022 జూలై 14న అది మునిగిపోయింది. ఆ వరదలో మేడిగడ్డ బ్యారేజీ దగ్గర ప్రవాహం 28 లక్షల క్యూసెక్కులు దాటింది, సెకనుకు దాదాపు ఎనిమిది కోట్ల లీటర్లు. రక్షణ గోడ కూలి మోటర్ల మీద పడింది. ఇటు సిరోంచ తాలూకాలోనూ ఊళ్లు ఖాళీ చేయించారు. పొలాలు మునిగిన రైతులు పరిహారం కోసం నెలల తరబడి తిరిగారు. ఆ బాధ మన ఇళ్లలోనే ఉంది.

అంత పెద్ద పంపులు నీళ్లలో మునిగాక ఏమీ చేయలేకపోయాయి. మన అర హెచ్‌పీ ఊటను తోడుతుంది, ఏరు ఇంట్లోకి వస్తే ఆపలేదు. అందుకే మామ ఇంట్లో మెయిన్ బోర్డు, ఇన్వర్టర్ రెండూ సెల్లార్‌లోంచి తీసి పై అంతస్తుకు ఎక్కించాం. నీళ్లు సెల్లార్‌లోకి పైనుంచి దిగితే, మెయిన్ ఆపకుండా ఎవరూ కాలు పెట్టొద్దు. డీజిల్ ఇంజను కింద పెట్టి తోడబోవద్దు. దాని పొగకు మనిషి స్పృహ తప్పి, అక్కడే పోతాడు. ఏరు దిగిన మరునాడే సెల్లార్ మొత్తం ఒక్కసారి ఖాళీ చేయొద్దు. ఇందాక చెప్పిన తొమ్మిది టన్నుల తోపు గుర్తుందా? లోపలి నీళ్లే అప్పుడు నేలను, గోడలను అదిమి పట్టి ఉంటాయి. రోజుకు కొంచెం కొంచెంగా, బయటి మట్టం దిగుతున్న కొద్దీ తోడండి.

మృగశిర కార్తెకు ముందు మామ దగ్గరికి మళ్లీ వెళ్లాను. గుంట ఎండి ఉంది, అడుగున సన్నటి మట్టి పేరుకుంది. ఎత్తి పారేశాం. మామ పైనుంచి బకెట్లతో నీళ్లు తెచ్చి గుంటలో పోయసాగాడు. ఎనిమిదో బకెట్‌కు ఫ్లోట్ లేచింది. మోటరు మూలిగి అందుకుంది. బయట పైపు చివర మామ మనవడు నిలబడి ఉన్నాడు.

"తాతా, వస్తున్నయ్!" అని అరిచాడు.