పూర్వకవిస్తుతి లేని గీతసంపుటము



మన కావ్యములలో ఇష్టదేవతాప్రార్థన యెట్లో పూర్వకవిస్తుతియు నట్లే. తనకు ముందు నడచినవారిని స్మరించిన పిమ్మటనే కవి కథ నారంభించును. ఈ మర్యాద విలువ యెంతటిదో 1969వ సంవత్సరమున వెలువడిన యొక యింగ్లీషు గీతసంపుటము చరిత్రవలన దెలియగలదు. నేడు దానిని విన్నవించెదను.

అమెరికా దక్షిణభాగమున ప్రత్తిచేలలో పాటుపడిన నల్లజాతివారు తమ కష్టసుఖములను పాడుకొన్న పాటలకు బ్లూస్ అని పేరు. మొదటి పాదమును రెండుమారులు పాడి మూడవ పాదముతో ముగించుట వానిలో తరచు కనబడు పద్ధతి. మిసిసిపీ రాష్ట్రమున 1915లో జన్మించి చికాగో నగరము చేరిన విల్లీ డిక్సన్ ఈ గీతకర్తలలో మేటి. ఇట్టి పాటలనే విద్యుత్ గిటారులతోను డ్రమ్ముల మ్రోతతోను పాడినచో బ్లూస్ రాక్ అందురు.

1968లో జిమ్మీ పేజ్ అను గిటారు విద్వాంసుడు లండనులో రాబర్ట్ ప్లాంట్, జాన్ పాల్ జోన్స్, జాన్ బోన్హమ్ అనువారితో లెడ్ జెప్పెలిన్ అను మేళమును గూర్చెను. ఆ సంవత్సరమే ఒలింపిక్ స్టూడియోలో వారు తొమ్మిది పాటలను రికార్డు చేసిరి. పేజ్ చెప్పిన లెక్కనుబట్టి పట్టిన కాలము రమారమి 36 గంటలు మాత్రమే. 1969 జనవరిలో ఆ సంపుటము అమెరికాలో వెలువడెను.

రోలింగ్ స్టోన్ అను సంగీతపత్రికలో విమర్శకుడు పెదవి విరిచెను. జనులు మాత్రము ఆదరించిరి. అమ్మకముల పట్టికలో అమెరికాయందు 10వ స్థానమును, బ్రిటనునందు 6వ స్థానమును లభించెను. తుదకు ఆ పత్రికయే 2003లో ఎంచిన 500 ఉత్తమసంపుటములలో దీనిని 29వదిగా నిలిపెను. విమర్శకుని తొలిమాట తుదితీర్పు కాదని దీనివలన దేలినది.

కీర్తి దక్కినది, మరి ఋణము మాట యేమి? డిక్సన్ పాటలు రెండింటికి ఆయన పేరే వేసిరి. అది మెచ్చదగినది. వేరొక పాటను మాత్రము సంప్రదాయగీతమని చూపిరి. నిజమునకు దానిని 1950ల దశకమున రచించినది ఆన్ బ్రెడన్ అను స్త్రీ. అంతకుముందు 1962లో జోన్ బేజ్ పాడిన రికార్డుమీదను ఆమె పేరు లేకుండెను. ఒకరు విడిచిన పేరును రెండవవారును విడిచిరి. 1990 ప్రాంతమునగాని ఆమెకు పేరును ప్రతిఫలమును ముట్టలేదు. డేజ్డ్ అండ్ కన్‌ఫ్యూజ్డ్ అను పాటకు పేజ్ పేరొక్కటే యుండెను. ఆ పేరుతోనే 1967లో పాట వెలువరించిన జేక్ హోమ్స్ 2010లో న్యాయస్థానమున కెక్కెను. వ్యవహారము రాజీతో ముగిసెను. పిమ్మటి ప్రతులలో హోమ్స్ పేరు చేరెను.

బడిలో పద్యము నప్పగించు పిల్లవాడు కవిపేరు చెప్పనిచో నేను మరల జెప్పించెడివాడను. అది చాదస్తమని వారు నవ్వుకొనెడివారు. బ్రెడన్‌వంటివారు నిరీక్షించిన యేండ్లను లెక్కించినచో అది చాదస్తము కాదని తోచును. కర్త లేని పాట యుండదు. పేరు మరచిన పాట యుండును.

నాటుపాటను, దంపుళ్ల పాటను ఎవరు కట్టిరో యెరిగిన పెద్దలు మీలో నున్నచో పాటతోపాటు ఆ పేరును కూడ పిల్లలకు నేర్పుడని నా ప్రార్థన.