మీ ఊళ్ళో చలి ఎలా వుంది?



పుష్యమాసపు చలిలో, పొద్దున్నే వంటింటి పని ఒక కొలిక్కి వచ్చి, రెండో కాఫీ గ్లాసు పట్టుకుని కూర్చునే వేళ మనం చేసే మొదటి పని ఏమిటో చెప్పమంటారా? నాలుగు మాటలు మాట్లాడుకోవడం. ఆ నాలుగు మాటల్లో మొదటి మాట ఈ రోజుల్లో ఒకటే, “చలి ఎలా వుందమ్మా?” అని. మగవాళ్ళకి ఈ ప్రశ్న నవ్వులాటగా వుంటుంది. “చలికాలంలో చలి వుండక ఎండ కాస్తుందా? దానికి రోజూ ఫోను చేసుకోవాలా?” అంటారు మా వారు. పేపరు అడ్డం పెట్టుకుని నవ్వుతారు కూడా. ఆ ప్రశ్న ఎందుకు అడగాలో, అడగకపోతే ఏమయ్యేదో ఇవాళ మీతో చెప్పుకోవాలని వచ్చాను.

మేము అయిదుగురం చిన్ననాటి స్నేహితురాళ్ళం. ఒకే బళ్ళో, ఒకే బెంచీ మీద చదువుకున్నాం. పెళ్ళిళ్ళయి తలో దిక్కూ వెళ్ళిపోయాం. నేను హైదరాబాదులో, ఒకతె విశాఖపట్నంలో, ఒకతె ఢిల్లీలో, ఒకతె భర్త ఉద్యోగరీత్యా ఆదిలాబాదులో. అయిదో ఆవిడ కూతురి దగ్గర అమెరికాలో, షికాగోలో వుంటోంది. ఏళ్ళ తరబడి ఉత్తరాలతో సరిపెట్టుకున్నవాళ్ళం, చేతిలోకి ఫోను వచ్చాక రోజూ పలకరించుకుంటున్నాం. మాకు పొద్దున్న ఏడయితే షికాగోలో ముందురోజు రాత్రి ఏడున్నర. మేము కాఫీ తాగుతుంటే అది చపాతీలు వత్తుతూ వుంటుంది.

ఇక కబుర్లంటారా, అవి ఒక పట్టాన తెమిలేవి కావు. విశాఖ నుంచి, “ఒసే, చలి చలి అంటారేమిటే, మాకింకా ఫాను తిరుగుతూనే వుంది” అని ఒకటి. పక్కన సముద్రం వుంటే అంతే మరి. పగలు తాగిన వేడిని నీళ్ళు రాత్రిపూట మెల్లగా వదులుతాయి. అదే జిల్లా దాటి కొండ ఎక్కి, అల్లూరి సీతారామరాజు జిల్లాలో లంబసింగి వెళ్ళారంటే, దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున, ఒక్కోసారి గడ్డి మీద మంచు గడ్డకట్టి కనిపిస్తుంది. ఇది చూడ్డానికి పిల్లలతో వెళ్ళి, స్వెట్టర్లు మర్చిపోయి, దుప్పట్లు కప్పుకుని ఫోటోలు దిగి వచ్చింది మా విశాఖ వీరనారి.

ఢిల్లీ నుంచి పొగమంచు కబుర్లు. ఎదురింటి గేటు కనపడదట, పాలవాడి గంట వినపడుతుంది గాని పాలవాడు కనపడడట. షికాగో సంగతి చెప్పనే అక్కర్లేదు. 2019 జనవరి 30న అక్కడ సున్నాకి దిగువన 30 డిగ్రీలకు పోయింది. “తడి జుట్టుతో వాకిట్లోకి వెళితే వెంట్రుకలు పుల్లల్లా బిగుసుకుపోతాయే” అని అది చెబితే మేము నమ్మలేదు. నిజమేనట.

ఇక మా హైదరాబాదు చలికి కొలబద్ద నా కొబ్బరినూనె సీసా. అది 24 డిగ్రీలకు దిగువన గడ్డ కట్టడం మొదలెడుతుంది. సీసాలో నూనె తెల్లబడిందంటే ఆ రాత్రి పెరుగు తోడుకోదని ఖాయం. పాలు కాస్త ఎక్కువ వెచ్చగా వుండగానే, రోజూ వేసే తోడుకి రెట్టింపు వేసి, గిన్నె మీద మూతపెట్టి, పాత తువ్వాలు చుట్టి బియ్యం డబ్బాలో పెడతాను. పొద్దున్నకి గడ్డ పెరుగు. తోడుపెట్టే సూక్ష్మజీవులకి వెచ్చదనం కావాలి, అంతే. ఇడ్లీ పిండికీ అదే వైద్యం. ఈ చిట్కా ఢిల్లీదానికి చెప్పింది నేనే. అది మాకు పచ్చి బఠాణీలు ఎండబెట్టకుండా దాచుకోవడం నేర్పింది. ఇలాంటివే మా కబుర్లు. ఇందులో లోకాన్ని ఉద్ధరించేదేమీ లేదని నేనే ఒప్పుకుంటాను.

అసలు సంగతికి వస్తాను.

చలి విషయంలో మా అయిదుగురిలో పెద్దపీట ఆదిలాబాదుది. సముద్రానికి దూరం, చుట్టూ అడవి, రాత్రిపూట మబ్బు లేని ఆకాశం. కప్పుకోవడానికి మబ్బు దుప్పటి లేకపోతే నేల తన వేడినంతా పైకి వదిలేసుకుంటుంది. పైన ఉత్తరపు గాలి. చలి ముదిరిన రోజుల్లో అక్కడ పది డిగ్రీల దిగువకి, ఒక్కో ఏడు అయిదారు డిగ్రీలకి కూడా పడిపోతుంది. అందుకే పొద్దున్న అందరికంటే ముందు దాని ఫోనే వచ్చేది. “ఒసే, బకెట్లో చెయ్యి పెట్టలేకపోతున్నానే” అన్నది దాని సుప్రభాతం.

ఒక సంక్రాంతి ముందు వారం. దాని భర్త క్యాంపుకి వెళ్ళాడు. పిల్లలు పై ఊళ్ళలో చదువులు. సాయంత్రం ఫోను చేసి ఎంతో హుషారుగా చెప్పింది. అటక మీద నుంచి అత్తగారి నాటి కుంపటి దింపిందట, బొగ్గులు కొన్నదట. పడకగదిలో కుంపటి పెట్టుకుని, కిటికీలన్నీ బిగించి, తలుపు కింద సందులో కూడా పాత చీర కుక్కిందట. “గది ఎంత వెచ్చగా వుందనుకున్నావే, గర్భగుడిలా వుంది” అంది. నేనేమన్నానో తెలుసునా? “అదృష్టవంతురాలివే! ఆ నిప్పుల మీద కాస్త సాంబ్రాణి కూడా వేసుకో, దోమలు పోతాయి” అన్నాను. నా నోటితో నేనే అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇవాళ్టికీ నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

మర్నాడు ఏడయింది. దాని ఫోను లేదు. ఏడున్నరయింది. నిద్రపోయిందేమోలే, మొగుడు లేడు, వంట తొందర లేదు అనుకున్నాను. కాఫీ తాగాను, కూరగాయలు తరుక్కుంటున్నాను. అంతలో ఢిల్లీ నుంచి ఫోను. “అది ఫోను ఎత్తడం లేదే. నాలుగుసార్లు చేశాను. నిన్న కుంపటి అంది కదూ? ఇక్కడ ప్రతి చలికాలం పేపర్లో చూస్తూ వుంటాం. అంగీఠీ పెట్టుకుని పడుకుని తెల్లవారేసరికి లేవని వాళ్ళ సంగతులు” అంది. నా చేతిలో కత్తిపీట చేతిలోనే వుండిపోయింది.

అదృష్టం ఏమిటంటే, దాని పక్కింటావిడ ఫోను నంబరు నా దగ్గర వుంది. కిందటేడు ఆవిడ చేతి నువ్వుల సకినాలు మాకు పంపిస్తే, ఎలా చేశారో అడగడానికి రాసిపెట్టుకున్నాను. ఆవిడకి ఫోను చేశాను. “వదినగారూ, కాస్త మా స్నేహితురాలి తలుపు తట్టండి” అంటే, “ఉండమ్మా, ఇప్పుడే పోయి చూస్త” అని ఫోను పెట్టకుండానే పరుగెత్తింది. తలుపు బాదుతున్న చప్పుడు నాకు వినపడుతూనే వుంది. ఎన్నిసార్లు బాదిందో. చివరికి గడియ తీసిన చప్పుడు, వెంటనే మనిషి పడిన చప్పుడు.

బతికింది. తల పగిలిపోయే నెప్పి, వాంతులు, కాళ్ళు తేలిపోవడం. పక్కింటివాళ్ళు ఆరుబయట పడుకోబెట్టి, 108 బండి పిలిచి ఆస్పత్రికి తీసుకువెళ్ళారు. రెండు రోజులు ప్రాణవాయువు పెట్టి ఉంచారు. వెంటిలేటరు అద్దం ఒకటి పగిలిపోయి వుంటే, వేయించమని దాని భర్తని ఆరు నెలలుగా సాధిస్తోందట. ఆయన అట్టముక్క అడ్డుపెట్టి ఊరుకున్నాడు. ఆ రాత్రి ఆ అట్ట జారి పడింది. ఆ కాస్త గాలే కాపాడిందన్నారు డాక్టరుగారు. భర్త బద్ధకం భార్య ప్రాణం నిలపడం నేను వినడం ఇదే మొదలు.

సోదరీమణులారా, అసలు జరిగిందేమిటో డాక్టరుగారు చెప్పినది మీకూ చెబుతాను. బొగ్గు రాజుకునేటప్పుడు పొగ వస్తుంది. అది మన కంటికి తెలుస్తుంది, దగ్గు వస్తుంది. అప్పుడు బయట పెడతాం. పొగ పోయి, నిప్పులు ఎర్రగా కణకణలాడాక ఇంక భయం లేదనుకుని లోపలికి తెస్తాం. మోసం అక్కడే వుంది. గాలి చాలని గదిలో ఆ ఎర్రటి నిప్పుల నుంచే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వస్తుంది. చిన్నప్పుడు మనం బళ్ళో చదువుకున్న బొగ్గుపులుసు వాయువు కాదు ఇది, దానికంటే ఎన్నో రెట్లు చెడ్డది. దీనికి రంగు లేదు, వాసన లేదు. మన నెత్తురు ప్రాణవాయువుని పట్టుకునే దానికంటే 200 రెట్లకు పైగా బిగువుగా దీన్ని పట్టుకుంటుంది. ఇక ప్రాణవాయువుకి చోటుండదు. మొదట తలనెప్పి, తర్వాత కళ్ళు తిరగడం, వికారం, మగత. పడుకున్న మనిషికి ఆ మగత నిద్రలాగే వుంటుంది. అందుకే కేక వెయ్యడం కూడా వుండదు.

కుంపటి పక్కన నీళ్ళ గిన్నె పెడితే చాలని కొందరంటారు. అది ఉత్త భ్రమ, ఈ వాయువు నీళ్ళలో కరిగి పోయేది కాదు. బాలింతల గదిలో కుంపటి పెట్టే అలవాటు ఇంకా వున్న ఇళ్ళున్నాయి. పసిగుడ్డుకి వెచ్చదనం కావాలంటే తల్లి ఒళ్ళు, మెత్తటి బట్టలు, టోపీ, మేజోళ్ళు చాలు. తప్పనిసరై నిప్పు వాడితే తలుపో కిటికీయో తీసి వుంచండి, పడుకునే ముందు కుంపటి వాకిట్లో పెట్టేయండి. చిన్న స్నానాలగదిలో గ్యాసుతో నీళ్ళు కాగే గీజరు బిగించుకున్నవాళ్ళకీ ఇదే హెచ్చరిక. అది గది బయట వుండాలి, లోపలికి గాలి ఆడాలి. తెల్లవారి ఇంట్లో అందరికీ ఒకేసారి తలనెప్పి వచ్చి, బయటికి వస్తే తగ్గుతోందంటే అది చలి వల్ల కాదు. వెంటనే తలుపులన్నీ తీసి, అందరూ బయటికి వచ్చి, డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

ఈ సంగతి విని మా షికాగో స్నేహితురాలు ఫోనులోనే ఏడ్చేసింది. వాళ్ళ ఇల్లినాయీ రాష్ట్రంలో 2007 నుంచి ఈ వాయువుని పసిగట్టి గంట కొట్టే చిన్న పరికరం పడకగదుల దగ్గర వుండాలని చట్టమే వుందట. “రోజూ నా తల మీదే వుందే అది, దాని సంగతి మీకొక్కనాడూ చెప్పలేదే! పప్పులో ఉప్పు ఎంత వేశానో కూడా చెప్పానుగాని” అంది. మా అందరిదీ అదే బాధ. నేను సాంబ్రాణి వెయ్యమన్నాను. ఢిల్లీది పేపర్లో చదివీ ఆ సాయంత్రమే అనలేదు, రాత్రల్లా అనుమానపడి పొద్దున్న అంది. విశాఖదానికి అసలు కుంపటి అవసరమే తెలియదు. ఒకరి నొకరు అనుకోవడానికేమీ లేదు. కాని ఒక ఏర్పాటు చేసుకున్నాం.

ఆ ఏర్పాటు మీకూ పనికొస్తుందని చెబుతున్నాను. ఒకటి, ప్రతి స్నేహితురాలి పక్కింటివాళ్ళ నంబరూ మిగతా నలుగురి దగ్గరా వుండాలి. రెండు, పొద్దున్న తొమ్మిదయ్యేసరికి అయిదుగురం పలకాలి. మాట్లాడే తీరిక లేకపోతే ఒక్కసారి మోగించి పెట్టేసినా సరే. మూడు, తొమ్మిది దాటితే మొహమాటం లేదు, పక్కింటివాళ్ళని లేపడమే. ఒకసారి మా విశాఖది సినిమాకి వెళ్ళి ఫోను కట్టేసుకుంటే, దాని పక్కింటివాళ్ళు తలుపు విరగ్గొట్టబోయారు. అది నన్ను బాగా తిట్టింది. ఆ తిట్లు నాకు తియ్యగా వున్నాయి.

ఒంటరిగా వుండే పెద్దవాళ్ళ విషయంలో ఈ జాగ్రత్త మరీ అవసరం. చలికి రక్తనాళాలు ముడుచుకుని రక్తపుపోటు పెరుగుతుంది. గుండెజబ్బు వున్నవాళ్ళకి తెల్లవారుజాము చలి మంచిది కాదు. నాలుగు అడుగులు వేయాలంటే ఎండ పడ్డాక వేయమనండి. మీ వీధిలో ఏ అమ్మమ్మగారి వాకిట్లోనైనా ఎనిమిదింటికీ ముగ్గు పడలేదంటే, “ఏం మామ్మగారూ, ఇంకా లేవలేదా?” అని ఒక్క కేక వెయ్యండి.

తిరుప్పావైలోనూ మన గోదాదేవి చేసిన పని ఇదే కదా! ముప్ఫై పాశురాల్లో ఆరు నుంచి పదిహేను వరకూ పది పాశురాలు, ధనుర్మాసపు చలిలో ఇంటింటికీ వెళ్ళి, ముసుగుతన్ని పడుకున్న చెలికత్తెలని పేరుపేరునా లేపడమే. ఒక్కతినీ వదిలిపెట్టి వెళ్ళలేదావిడ. ఆదిలాబాదులో మా సకినాల వదినగారు తలుపు బాదినప్పుడు నాకు ఆ పాశురాలే గుర్తుకొచ్చాయి.

మా స్నేహితురాలు ఇప్పుడు బాగుంది. కుంపటిలో మట్టి పోసి మరువం వేసింది. చలికి రెండు రగ్గులు, రాత్రి మిరియాల చారు. వెంటిలేటరుకి అద్దం మాత్రం ఇంకా వేయించలేదు. పొద్దున్నే దాని ఫోను రాగానే, మా వారే పేపరు దించి, “ఏమిటట, ఆదిలాబాదులో చలి ఎలా వుందట?” అని అడుగుతున్నారు.

మీరూ ఇవాళ ఒకరిని అడగండి.

సెలవు.