వాయువుతో నడచు బండ్లు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన యీ శుభసమయమున నన్ను నాలుగు మాటలు చెప్పుమని పెద్దలాజ్ఞాపించిరి. నేను ఊరి లెక్కలు వ్రాసి బ్రదికినవాడను. భారత భాగవతములు ఈ బీరువాలనుండి తీసికొనిపోయి నాకు నేనుగా చదువుకొన్నవే కాని గురుముఖమున నేర్చినవి కావు. నేను వానిని గూర్చియే మాటాడుదునని మీలో కొందఱు తలచియుందురు. కాని నేటి విషయమును నిర్ణయించినవారు మన చందాదారులే. సాయంకాలము పత్రికలు చదువ వచ్చువారిలో ఆటోలు, కార్లు నడుపువారు తక్కువమంది కారు. పగలంతయు ఆ యెత్తయిన మేడలలోని ఆఫీసులకు జనమును చేరవేయుట వారి వృత్తి. వారి బండ్లలో పెక్కు గ్యాసుతో నడచునవి. "మేము దినమంతయు సిలిండరును వెంటబెట్టుకొని తిరుగుచున్నాము. అందులో నేమి జరుగుచున్నదో మాకు తెలియునట్లు చెప్పుడు" అని వారడిగిరి. న్యాయమైన కోరిక.

గ్యాసుబండి నిన్నమొన్నటి వింత యని పలువురి తలంపు. ఇంజనుల వంశమున గ్యాసుది పెద్దకొడుకు స్థానము. 1860లో పారిస్ నగరమున లెనోయిర్ అనునాతడు నడపిన ఇంజనును, 1876లో జర్మనీలో నికొలస్ ఆటో సిద్ధపఱచిన నాలుగు ఘట్టముల ఇంజనును, రెండును బొగ్గునుండి తీసిన దీపపు గ్యాసుతో నడచినవే. పెట్రోలు తరువాత వచ్చినది. అది ద్రవమగుటచే డబ్బాలో పోసికొని ఎంతదూరమైనను పోవచ్చును. అందుచేత తమ్ముడు అన్నను వెనుకకు నెట్టెను. గ్యాసునకు ఓటమి ఇంజనులో కలుగలేదు, మోతలో కలిగినది. దానిని ఎట్లు నిలువచేయవలెను, ఎట్లు దించవలెను, ఎంత కొలిచి ఇంజనునకు పెట్టవలెను? మన సమస్య యంతయు నీ మూడు ప్రశ్నలలోనే యున్నది.

మొదటి ప్రశ్నను తప్పించుకొనిన బండ్లు కొన్ని మన పెద్దలు చూచినవే. 1939లో రెండవ ప్రపంచయుద్ధము వచ్చినది. 1941లో మన దేశమున పెట్రోలునకు రేషను పెట్టిరి. అప్పుడు తెలుగునాట బొగ్గుబస్సులు బయలుదేరినవి. బస్సు వెనుక నిలువెత్తు ఇనుపడ్రమ్ము నొకదానిని బిగించి, అందులో కట్టెబొగ్గు నింపి, గాలి చాలీచాలనట్లుగా మండించెడివారు. గాలి పుష్కలముగా నున్నచో బొగ్గు పూర్తిగా కాలి బొగ్గుపులుసు గాలి యగును, అది ఇంకను మండదు. గాలి చాలనపుడు కార్బన్ మోనాక్సైడు పుట్టును. అది మండును. ఆ గ్యాసును గొట్టములలో త్రిప్పి చల్లార్చి, బూడిదను వడగట్టి, గాలితో కలిపి ఇంజనులోనికి పంపెడివారు. ఉదయమున బస్సు కదలవలెనన్న క్లీనరు చాలసేపు చేతితో పంకా త్రిప్పి నిప్పు రాజవేయవలెను. ఆ గ్యాసులో సగమునకు పైగా మండని నత్రజనియే. కావున ఇంజను బలము చాల తగ్గిపోయెడిది. మిట్ట వచ్చినచోట ప్రయాణికులు దిగి త్రోసెడివారని మా పెద్దలు నవ్వుచు చెప్పెడివారు. ఇది మన బీదతనపు ఉపాయము మాత్రమే కాదు. స్వీడనులో ఆ కాలమున 70,000కు మించిన బండ్లును, యుద్ధాంతమునాటికి జర్మనీలో సుమారు 5,00,000 బండ్లును కట్టెలతో, బొగ్గుతో నడచినవి.

ఆ బస్సులో నిలువ లేదు, పీడనము లేదు. ఎంత కావలెనో అంత అప్పటికప్పుడు వండుకొని తినుటయే. బ్రద్దలగునను భయము లేదు. కాని మోనాక్సైడునకు వాసన లేదు, రంగు లేదు. మూసిన కొట్టములో ఇంజను నడపిన మనిషి నిద్రవచ్చినట్లు ఒరిగి మరి లేవడు. యుద్ధము ముగిసి పెట్రోలు దొరకగానే జనులు ఆ డ్రమ్ములను ఊడబీకి పాఱవేసిరి. ఎవరును విచారించినట్లు వినలేదు.

ఇక నేటి మాట. మీ సీఎన్‌జీ బండిలో మండునది భూగర్భమున పుట్టిన మీథేను. మన తెలుగుగడ్డమీదనే కృష్ణా గోదావరీ తీరములందు, సముద్రపు అడుగునను అది యున్నది. 2009లో కాకినాడ చెంత గాడిమొగ మొదలు గుజరాతులోని భరూచి వఱకు సుమారు 1,400 కిలోమీటర్ల గొట్టము ప్రారంభమైనది. అది తెలంగాణము మీదుగా పోవుచున్నది. మన నగరమున గ్యాసు పంచు భాగ్యనగర్ గ్యాస్ సంస్థ 2003లో ఏర్పడినది. గెయిలును, హిందుస్థాన్ పెట్రోలియమును దాని భాగస్థులు. పెద్దగొట్టము అందిన చోటును మదర్ స్టేషను అందురు. నగరమునకు ఉత్తరమున శామీర్‌పేటలో నట్టిది కలదు. అచ్చట గ్యాసును గట్టిగా నొక్కి సిలిండరుల గుంపులలో నింపి లారీలపై గొట్టము లేని బంకులకు పంపుదురు. వానికి డాటర్ స్టేషనులని పేరు. పుట్టింటి సారె వలె వచ్చిన గ్యాసు తఱిగినకొలది పీడనము తగ్గును, నింపుట ఆలస్యమగును. బంకు ముందర మీరు బారులు తీరి నిలుచుట కిది యొక కారణము. మఱియొకటి కూడ చెప్పెదను. వేగముగా నింపినపుడు సిలిండరులో గ్యాసు వేడెక్కి ఉబ్బును. ముల్లు నిండినట్లు చూపినను లోపల కిలోలు తక్కువ. ఎండకాలమున ఇది మఱింత స్పష్టము. మీరు సొమ్మిచ్చునది కిలోలకు గనుక మోసమేమియు లేదు. బండి పోవు దూరము మాత్రము తగ్గును.

సీఎన్‌జీ సిలిండరులో పీడనము మన చుట్టునున్న గాలికంటె సుమారు 200 రెట్లు. లారీ టైరులో ఏడెనిమిది రెట్లకు మించదు. అంత నొక్కినను 60 లీటర్ల సిలిండరులో పట్టునది 9, 10 కిలోలు. ఈ కొద్దిపాటి ధాన్యమున కంత కోటగోడ కావలసివచ్చినది. ఆ గ్యాసును ఉన్నపాటున ఇంజనులోనికి విడిచినచో ఇంజను మిగులదు.

భాగవతము నవమస్కంధమున భగీరథుని కథ యున్నది. గంగ భూమికి దిగి వచ్చుట కొప్పుకొన్నది. కాని తన వేగమును తాళువారెవరని అడిగినది. తాళువారు లేనిచో భూమిని చీల్చుకొని పాతాళమున పడుదునన్నది. శివుడు తల యొడ్డి జటలలో పట్టి విడిచెను. మన బండిలో ఆ జటాజూటపు పని చేయునది రెగ్యులేటరు. పురాణములలో మోటారు శాస్త్రము దాగియున్నదని చెప్పుటకు ఈ మాట తేలేదు. అట్టి వాదములు నాకు గిట్టవు. పోలిక కుదిరినదని మాత్రమే.

సిలిండరు మెడయందొక కవాటము కలదు. అచ్చటనుండి సన్నని ఉక్కుగొట్టము ముందునకు పోవును. త్రోవలో ఒక జల్లెడ, తాళము త్రిప్పగనే తెఱచుకొని ఇంజను ఆగగనే మూసికొను కరెంటు కవాటము ఒకటి. దానిని సోలినాయిడ్ అందురు. తరువాత రెగ్యులేటరు. దానిలో గ్యాసు మెట్టుమెట్టుగా దిగును. 200 ఉన్నది కొన్ని రెట్లకు, ఆపైని పాతరకపు కిట్లలో దాదాపు వట్టిగాలితో సమానమగు వఱకు, క్రొత్తరకములలో రెండు మూడు రెట్ల వఱకు. అంత పీడనము ఒక్కమాఱు జాఱినపుడు గ్యాసు మిక్కిలి చల్లబడును, రెగ్యులేటరు మంచుగట్టి బిగుసుకొనును. అందుచే ఇంజనును చల్లార్చి వేడెక్కిన నీటినే దానిచుట్టు త్రిప్పుదురు. అనేకములైన కార్లు ప్రొద్దుట పెట్రోలుతో లేచి, నీరు వేడెక్కిన పిదప గ్యాసునకు మాఱుటకు హేతువిదే. రేడియేటరులో నీరు తక్కువైనపుడు గ్యాసు కిట్ మొఱాయించునని పాత మెకానికులు చెప్పుమాట ఉత్తది కాదు.

మూడవది కొలత. ఇచ్చట నావంటి లెక్కలవానికి సంతోషము. ఒక కిలో పెట్రోలు సరిగా కాలుటకు 14.7 కిలోల గాలి కావలెను, ఒక కిలో మీథేనునకు సుమారు 17 కిలోలు. గాలి తక్కువైనచో పొగ, ఎక్కువైనచో వేడి. పాత ఆటోలలో మిక్సరు అను ఇరుకుగొంతు ఉండును. గాలి అందులో వడిగా పోవుచు గ్యాసును తనవెంట పీల్చుకొనును. ఉజ్జాయింపు వ్యాపారము. నేటి కార్లలో పొగగొట్టమున నొక సెన్సారు మిగిలిన ఆక్సిజనును చూచి చెప్పగా, చిన్న కంప్యూటరు ఒక్కొక్క సిలిండరునకు గ్యాసును చిటికెలు చిటికెలుగా పంపును. గ్యాసు గాలి చోటు నాక్రమించుటచే బలము నూటికి పదివంతుల మేర తగ్గుట మాత్రము మానలేదు. ఢిల్లీలో 1998లో సుప్రీంకోర్టు ఆదేశించిన మీదట బస్సులన్నియు సీఎన్‌జీకి మాఱినవి. గాలి కొంత తేటపడుట కది తోడ్పడినది.

మన ఆటోలలో ఎల్‌పీజీ కూడ విరివిగా కలదు. దాని స్వభావము వేఱు. కొద్దిపాటి ఒత్తిడికే అది ద్రవమగును, ట్యాంకులో పీడనము పదిరెట్లకు లోపు. ద్రవము ఎండకు ఉబ్బుటకు చోటుండవలెను గనుక నూటికి 80 వంతులకు మించి నింపరు. బండి ట్యాంకునుండి ద్రవమే బయటకు వచ్చి, వేడినీటి సాయమున వాయువగును. వంటయింటి సిలిండరో, నిలువుగా నిలబడి పైనుండి ఆవిరి మాత్రమే ఇచ్చునట్లు చేయబడినది. దానిని బండిలో పడవేసినచో ద్రవము బయటకు దుముకును. 80 దగ్గఱ ఆపు కవాటము దానికి లేదు. గొట్టము తెగినపుడు తనంత తాను మూసికొను కవాటమును లేదు. నాయనలారా, చౌకయని 14.2 కిలోల యింటి సిలిండరునుండి ఆటోలోనికి గ్యాసు నెక్కించు స్థలములు ఎచ్చటెచ్చట నున్నవో నాకంటె మీకే బాగుగా తెలియును. అది చట్టవిరుద్ధమని తెలిసియు పోవువారున్నారు. ఎల్‌పీజీ గాలికంటె బరువైనది. కారినచో పైకి పోదు. నేలను ప్రాకి, కాలువలోనో సెల్లారులోనో నీటివలె నిలిచి, ఎవడో వేయు స్విచ్చి కొఱకు కాచుకొనియుండును. మీథేను తేలిక, పైకి పోవును. కాని కప్పుక్రింద చిక్కినచో నదియు నంతే. ఈ మేడలన్నిటి క్రింద రెండు మూడు అంతస్తుల సెల్లారులు కలవు. మీరు బండ్లు నిలుపుకొని కునుకుతీయునది అచ్చటనే. కుళ్ళువాసన సోకినపుడు అగ్గిపుల్ల గీయవద్దు, తాళము త్రిప్పవద్దు, సెల్‌ఫోను తీయవద్దు. సిలిండరు కవాటమును చేతితో మూసి, వచ్చిన దారిని నడచి బయటకు పొండు. గ్యాసునకు స్వతస్సిద్ధముగా వాసన లేదు. మనకు తెలియుటకే ఆ కుళ్ళువాసన కలిపియున్నారు.

ఇక నాకు అన్నిటికంటె ముఖ్యమని తోచునది. సీఎన్‌జీ సిలిండరును మూడేండ్ల కొకమాఱు పరీక్ష చేయింపవలెనని నిబంధన. అనుమతిగల కేంద్రములో దానిని నీటితో నింపి, మామూలు పనికంటె ఒకటిన్నర రెట్లకు మించి నొక్కి చూతురు. నీటితో ఏల యనగా, నీరు గ్యాసువలె నొదిగియుండి ఉబుకదు. గోడ చీలినను పేలుడుండదు. తూకమును వేయుదురు. పూర్వపు బరువుకంటె తగ్గినచో లోపల తుప్పు తినినదని అర్థము. మా బంధువులలో నొక కుఱ్ఱవాడు పాతకారు నొకదానిని కొనెను. అమ్మినవారు కాగితములన్నియు సక్రమమనిరి. నేను పలక చదివి చూచితిని. పరీక్షగడువు దాటి అయిదేండ్లయినది. రెగ్యులేటరు తరువాత పొయ్యికి వాడు రబ్బరుగొట్టము తగిలించియున్నది. ఆర్.సి.లో గ్యాసు కిట్ వ్రాసియే లేదు. ఆ బండిలో వాడు తన భార్యాబిడ్డలతో నెలదినములు తిరిగెను. పరీక్షకు పంపగా సిలిండరు తూకములో తప్పినది, వారు దానిని మరల వాడకుండ కోసివేసిరి.

లోపలి తుప్పు బయటికి కనబడదు. 2014 జూన్ 27 తెల్లవాఱుజామున కోనసీమలోని నగరము గ్రామమున గ్యాసుగొట్టము పగిలి, ఇరువదిమందికి పైగా కాలి మరణించిరి. ఎండుగ్యాసు పోవలసిన గొట్టములో తడిగ్యాసు పోవుటచే లోహము లోపలనుండి తినివేయబడినదని విచారణలో తేలినది. ఇండ్లలో నిద్రించుచున్నవారికి క్రిందనున్న గొట్టము సంగతి యేమి తెలియును? మీ సిలిండరు సంగతి మీరు తెలిసికొనవచ్చును. దాని మెడమీద తయారీ సంవత్సరము, వరుస సంఖ్య, ఖాళీబరువు చెక్కియుండును. పరీక్ష జరిగిన నెలయు సంవత్సరమును అచ్చటనో, ప్రక్కనున్న పలకమీదనో యుండును. సర్టిఫికెట్టులోని వరుససంఖ్యయు సిలిండరు మీది సంఖ్యయు ఒకటేనా యని మొదట సరిపోల్చుడు. ఒకరి కాగితము మఱొకరి సిలిండరునకు చూపుటయు లోకమున కలదు.

మంగళ, శుక్రవారములలో సాయంకాలము ఆఱు గంటల తరువాత నేను ఇచ్చటనే యుందును. ఆర్.సి.ని, సిలిండరు సర్టిఫికెట్టును తెచ్చుకొన్నవారికి చదివి తేదీలు ఒక పుస్తకములో వ్రాసిపెట్టెదను. గడువు నెలదినములున్నదనగా గ్రంథాలయపు నోటీసుపలకపై బండి నంబరు కనబడును.