నాలుగు బారల తీగె



శబ్దము ఆకాశగుణమని మన తార్కికులు నిర్ణయించిరి. శూన్యమున ధ్వని సాగదని నేటి శాస్త్రజ్ఞులు ఆ మాటను త్రోసివేసిరి. అయినను రేడియో యెదుట కూర్చున్నపుడెల్ల ఆ పాతమాట నాకు జ్ఞప్తికి వచ్చుచుండును. షార్టువేవు తరంగములు మిన్నున విద్యుత్కణములతో నిండిన పొరను తాకి, వంగి, మరల నేలకు దిగి, వేలకొలది మైళ్లు పయనించును. వానిని పట్టి రేడియోకు అందించునదే ఏరియల్. వెల తక్కువయై చేతిసంచిలో ఇముడునట్టి ఏరియల్ ఏదియో నేడు మనవి చేసెదను.

చేత ఫోనుండగా ఇదియేల యని మీరడుగవచ్చును. 1989 నవంబరులో కావలి సమీపమున పెనుతుఫాను తీరము దాటినది. అప్పుడు నేను సముద్రపుటొడ్డు పల్లెలో క్రొత్తగా చేరిన ఉపాధ్యాయుడను. కరెంటు పోయినది. హైదరాబాదు కేంద్రమును 4800 కిలోహెర్ట్జులపై పట్టితిని గాని, గరగరలో మాట తెలియలేదు. బట్టలారవేయు ఇనుపతీగెను విప్పి, ఇంటిలో దూలము వెంబడి లాగి, కొనను రేడియో కడ్డీకి చుట్టితిని. మాట తేటపడెను. చీకటి పడకముందే తాటాకిండ్లలోని ముసలివారిని, పిల్లలను బడికి చేర్చితిమి.

ఆకాశవాణివారి ప్రాంతీయ షార్టువేవు ప్రసారములు ఇటీవల చాలవరకు నిలిచిపోయినవి. కావున తుఫాను హెచ్చరికకు మొదట దగ్గరి కేంద్రమునే వినవలెను. కాని స్తంభములు కూలి, ఫోనులు మూగవోయినపుడు, గాలివాన తగులని దూరదేశమునుండి వచ్చు వార్త మాత్రము ఆగదు. 2004 డిసెంబరు 26వ తేదీ సునామీనాడు పోర్టుబ్లెయిరులో టెలిఫోనులు పనిచేయకున్నపుడు, ఔత్సాహిక రేడియోతో అక్కడనున్న భారతీప్రసాద్ గారు ఆ తరంగములపైననే క్షేమసమాచారములను దేశమునకు అందించిరి.

ఇక ఏరియల్ సంగతి. నేనొకప్పుడు పట్టణపు అంగడిలో వర్ధకముతో కూడిన ఏరియలొకటి 2,800 రూపాయలకు కొని మోసపోతిని. మోసము అంగడివానిది కాదు, నాదే. మా యింట ఎల్‌ఈడీ దీపములు, ఫోను చార్జర్లు, ప్రక్కనే రొయ్యలగుంటలో నీటిని చిలుకు మోటార్లు. వీని రొదయంతయు తరంగరూపమున వ్యాపించును. వర్ధకము మాటను పెంచినట్లే రొదనుకూడ పెంచినది. ఒకనాడు మామూలు తీగె పట్టుకొని సరుగుడు తోటలోనికి పోయితిని. రొద మాయమై మాట నిలిచినది. ఏరియల్ వెల కన్న అది నిలుచు చోటు ముఖ్యమని అప్పుడు తెలిసినది.

తీగె పొడవునకు లెక్క సులభము. 300ను మెగాహెర్ట్జుల సంఖ్యచే భాగించినచో తరంగపు పొడవు మీటర్లలో వచ్చును. అందులో నాలుగవవంతు తీగె చాలును. సాయంకాలమున అనేక కేంద్రములు వినవచ్చు 31 మీటర్ల బ్యాండునకు ఇది సుమారు 7½ మీటర్లు, అనగా నాలుగు బారలు. ఇంకను పొడుగైన మేలని తలంపకుడు. చిన్న రేడియోకు మితిమీరిన తీగె కట్టినచో నాలుగు కేంద్రములు కలగాపులగమగును.

సముద్రపు ఉప్పుగాలికి వట్టి రాగి చెడును గాన, ప్లాస్టిక్ తొడుగుగల సన్నని రాగితీగెనే కొనుడు. ఒక కొనకు చిన్న క్లిప్పు తగిలించి రేడియో కడ్డీని పట్టించుడు. రెండవ కొనకు వలత్రాడు ముడివేసి కొమ్మకు కట్టుడు. పని ముగియగానే గాలిపటపు దారమువలె కఱ్ఱముక్కకు చుట్టి సంచిలో వేసికొనుడు. అన్నియు కలిపి 200 రూపాయలకు మించవు. పగలు 19, 16 మీటర్ల బ్యాండులను, రాత్రి 41, 49 మీటర్ల బ్యాండులను వెదకుడు.

రెండు హెచ్చరికలు. కరెంటుతీగెల క్రింద గాని, ప్రక్కన గాని ఈ తీగెను విసరరాదు. ఉరుము వినబడిన తోడనే బయటి తీగెను రేడియోనుండి వేరుచేసి దూరముగా నుంచవలెను. వార్తకొఱకు ప్రాణమును పణముగా పెట్టరాదు.

ఆశ్వయుజ కార్తికములు తుఫానుల కాలమని మన తీరవాసులకు వేరుగా చెప్పనక్కఱలేదు. అవి రాకముందే నాలుగు బారల తీగెను, క్రొత్త బ్యాటరీలను ఒక డబ్బాలో భద్రపరచుకొనుడు. ఒక సాయంకాలము మనుమలను తోటకు తీసికొనిపోయి, ఆ తీగెను వారిచేతనే కట్టించుడు. మనకు చేతకానినాడు కట్టవలసినవారు వారే గదా.