కంపెనీ గేటు లోపల మన పిల్లలెందరు?

(మేడ్చల్, శామీర్‌పేట ప్రాంత విద్యార్థులు, ఉద్యోగుల మధ్య చేసిన ప్రసంగ పాఠం)



మనం ఏండ్లకేండ్లు కొట్లాడిన లెక్క ఒకటున్నది. సర్కారు ఆఫీసుల్లో స్థానికులెందరు, స్థానికేతరులెందరు? 1975 రాష్ట్రపతి ఉత్తర్వుకు తూట్లు పొడిచిండ్రని రుజువు చేసి, 1985 డిసెంబరు 30న 610 జీవో తెచ్చుకున్నం. అడ్డదారిన వచ్చినోళ్లను 1986 మార్చి 31 లోపల వెనక్కి పంపాలని అందులో రాసిండ్రు. పంపలేదు. 2001లో గిర్‌గ్లాని కమిషన్ వేసిండ్రు. 2004లో తుది నివేదిక వచ్చింది. కాగితం కాగితాన్ని కన్నది తప్ప కొలువు కదల్లేదు. ఇక్కడ కూసున్న ఉద్యోగ సంఘాల పెద్దలకు ఈ తారీఖులన్నీ నోటికొచ్చినవే.

2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. 2018లో కొత్త రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చి స్థానికుల కోటా 95 శాతానికి చేరింది. (దాని వెంట 2021 డిసెంబరులో వచ్చిన 317 జీవోతోని టీచర్లు పడ్డ గోస వేరే ముచ్చట. దానికి ఇంకో రోజు కావాలె.) సర్కారు కొలువు వరకు ఆ లెక్క ఒక కొలిక్కి వచ్చిందనుకుందాం.

కానీ మనం కూసున్న ఈ జాగను చూడుండ్రి. అటు మేడ్చల్ నుంచి పోయే 44వ నంబర్ జాతీయ రహదారి, ఇటు శామీర్‌పేట మీదుగా పోయే రాజీవ్ రహదారి. ఈ రెండు తొవ్వల పొంటి లేచిన కొలువుల్లో సర్కారువి ఎన్ని? తుర్కపల్లి దిక్కు 1999లో మొదలైన జీనోం వ్యాలీ ఉన్నది. అప్పుడు పెట్టిన నాలెడ్జ్ పార్కు ఒక్కటే 200 ఎకరాలు. 2021 జనవరిలో దేశమంతా పేరు విన్న కోవాగ్జిన్ టీకా తయారైంది ఇక్కడే. ప్రపంచానికి మందు పంపే జాగ మన మండలంలున్నది. ఆ గేటు కాడ సెక్యూరిటీ డ్రెస్సులో నిలబడ్డది మన పిల్లగాడు. లోపల తెల్లకోటు వేసుకున్నోళ్లలో మనోళ్లెందరంటే చెప్పేటోడు లేడు.

ఈ గేటు కాడ రాష్ట్రపతి ఉత్తర్వు పని చెయ్యదు. అది సర్కారు కొలువులకే. ప్రైవేటులో కూడా కోటా పెట్టాలని కొందరు మిత్రులంటున్నరు. హర్యానా పెట్టింది. నెలకు 30 వేల లోపు జీతముండే ప్రైవేటు కొలువుల్లో 75 శాతం స్థానికులకేనని చట్టం చేసింది. 2023 నవంబరులో పంజాబ్, హర్యానా హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. రేపు మన కాడ చేసినా కోర్టు మెట్లెక్కక తప్పదు. మాకైతే ఆ తొవ్వ మీద నమ్మకం తక్కువ. మిగిలింది చదువు తొవ్వ.

మరి చదువుకు ఇక్కడేం కొదవ అంటరు. నిజమే. 1998లో నల్సార్ లా యూనివర్సిటీ, 2008లో బిట్స్ పిలానీ క్యాంపస్, రెండూ శామీర్‌పేట కాడనే. 2018 ప్రైవేటు యూనివర్సిటీల చట్టం కింద 2020లో మొదటి విడత ఐదింటికి అనుమతిస్తే, మూడు మన జిల్లాలోనే వచ్చినయ్. బహదూర్‌పల్లిలో మహీంద్రా, మైసమ్మగూడలో మల్లారెడ్డి, ఘట్‌కేసర్ దిక్కు అనురాగ్. ఆ చట్టం తెలంగాణ పిల్లలకు 25 శాతం సీట్లన్నది. సీటు ఉన్నది, ఫీజెవరు కట్టాలె? భూమి మన ఊరిది, బోర్డు మీద ఊరి పేరు మనది, హాస్టల్ గదిలున్న పిల్లలు వేరే.

ఇక ఇంజనీరింగ్ కాలేజీలు. ఫీజు రీయింబర్స్‌మెంటు 2008లో వచ్చింది. దాన్ని తిట్టడానికి మేము రాలేదు. కూలి చేసే ఇంట్లకెల్లి మొదటిసారి ఇంజనీరు బయటికొచ్చిండంటే అందులో ఆ పథకం పాలు పెద్దది. కానీ దాని లోపల ఏం జరుగుతున్నదో చూడాలె. బీసీ, ఈబీసీ పిల్లలకు పదివేల లోపు ర్యాంకు వస్తేనే పూర్తి ఫీజు. దాటితే 35 వేలే. లక్ష రూపాయల ఫీజున్న కాలేజీలో మిగిలిన 65 వేలు తండ్రి నెత్తి మీద. ఆ 35 వేలన్న టైముకు వస్తయా? 2025 నవంబరులో బకాయిల కోసం ప్రైవేటు కాలేజీలు తలుపులు మూసినయ్. పిల్లల పరీక్షలు నడుమల ఇరుక్కున్నయ్.

మా ఇంటి పిల్లనే చెప్తం. డిగ్రీ పాసైంది, కొలువు పిలుపు వచ్చింది. సర్టిఫికెట్లు తీసుకుందామని కాలేజీకి పోతే, సర్కారు పైసలు రాలేదు, మీరే కట్టుండ్రి, మాకు వచ్చినంక తిరిగిస్తమన్నరు. అప్పు చేసి కట్టినం. అప్పటికి ఆ కొలువు ఇంకొకరికి పోయింది.

2014లో టీఎస్ ఐపాస్ చట్టం చేసిండ్రు. పెద్ద కంపెనీకి 15 రోజుల్లో అనుమతి. మంచిదే. కంపెనీకి 15 రోజుల గడువు చట్టంలో రాసిన సర్కారు, విద్యార్థి ఫీజుకు ఒక్క గడువన్న ఏ చట్టంలోనన్న రాసిందా?

మన తప్పు కూడా ఒప్పుకోవాలె. 2014లో రీయింబర్స్‌మెంటు బదులు ఫాస్ట్ పథకం తెచ్చి, 1956కు ముందు నుంచి ఉన్న కుటుంబాల పిల్లలకే ఇస్తమన్నరు. మనలో చానామంది చప్పట్లు కొట్టినం. హైకోర్టు తప్పు పట్టింది, 2015 మొదట్లో సర్కారు వెనక్కి తగ్గింది. తాత యాడ పుట్టిండన్న పంచాయితీలో ఆ విద్యా సంవత్సరం పోయింది. మనవడు ఏం నేర్చుకుంటున్నడన్న ప్రశ్న అప్పుడు ఏ సభలనూ రాలేదు. మేము పెట్టిన సభల్లో కూడా.

ఆ ప్రశ్న ఇప్పుడడుగుదాం. టీకా కంపెనీలో ఏం పనులుంటయ్? ఆటోక్లేవ్ నడపాలె. సూక్ష్మజీవి చొరబడని గదిలో సీసాలు నింపాలె. కోవాగ్జిన్ వంటి టీకాను 2 నుంచి 8 డిగ్రీల నడుమ కాపాడాలె. చేసిన ప్రతి పనినీ బ్యాచ్ రికార్డులో తప్పు లేకుండ రాయాలె. వీటిలో చానా పనులకు పీహెచ్‌డీ అక్కర లేదు. డిప్లొమా, బీఎస్సీ మైక్రోబయాలజీ చాలు. కానీ మూడేండ్లు చదివి ఆటోక్లేవ్‌ను పుస్తకంలో బొమ్మగనే చూసిన పిల్లను ఏ కంపెనీ తీసుకుంటది?

2024లో 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని టాటా టెక్నాలజీస్‌తోని మొదలుపెట్టిండ్రు. 2,324 కోట్ల పని. రోబోలు, యంత్రాలు వస్తున్నయ్, రానియ్యుండ్రి. జీనోం వ్యాలీ పక్కనున్న మండలాలకు మాత్రం దానికి తోడు బయాలజీ ల్యాబు కావాలె. ఆ ల్యాబు సర్కారు కాలేజీలో ఉండాలె. ప్రైవేటు సీటుకు పోసే పైసల్లో ఒక పాలు మిషనుకు, సారుకు పెడితే, ఆ మిషను పదేండ్లు పిల్లలకు అక్కరకొస్తది. బకాయి పడదు.

చివరగా ఒక పని. స్థానికులకు కొలువులిచ్చే కంపెనీలకు అదనపు రాయితీలిచ్చే విధానాన్ని 2020 ఆగస్టులో మంత్రివర్గం ఆమోదించింది. ఒక మోస్తరు నైపుణ్యమున్న కొలువుల్లో 70 శాతం, పూర్తి నైపుణ్యమున్న కొలువుల్లో 60 శాతం మనోళ్లుండాలన్నది అందులోని షరతు. మన రెండు మండలాల్లో ఏ కంపెనీ ఆ రాయితీ తీసుకున్నది, ఎందరి పేర్లు చూపించింది? సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు రాసి తెచ్చినం. మండల ఆఫీసుకైతే ఐదు రూపాయలు, జిల్లా ఆఫీసుకైతే పది. కాగితాలు ఆ బల్ల మీదున్నయ్. ఛాయ్ తాగేముందు సంతకం పెట్టుండ్రి.